బాలమాధవస్వామి వాన అంగీ

దర్జీ సన్యాసయ్యకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది.

గుళ్ళో మూలస్వామికి రోజూ పొద్దున్నే అభిషేకం చేస్తారు. నీళ్ళు, పాలు, కొబ్బరినీళ్ళు, మళ్ళీ నీళ్ళు. కడవలకు కడవలు పోసినా స్వామి చిరునవ్వు చెదరదు. అదే స్వామి సాయంత్రం పల్లకి ఎక్కి వీధిలోకి వస్తే, రెండు చినుకులు పడ్డాయో లేదో గొడుగులని, పట్టాలని, ఒకటే పరుగులు. పొద్దున అన్ని నీళ్ళు పోయించుకున్నవాడికి సాయంత్రం రెండు చినుకులతో ఏమొస్తుంది?

లోపల ఉండేది రాతి స్వామి, పల్లకిలో వచ్చేది కొయ్య స్వామి అని అతనికి తెలియక కాదు. ఆ కొయ్యకు ఆకుపసర్లతో రంగులు వేస్తారు. తడిస్తే కారిపోతాయి. కానీ లోపలి స్వామీ, బయటి స్వామీ ఒక్కరేనని అర్చకులు వరదాచార్యులు గారే చెబుతారు కదా? ఒక్కరే అయినప్పుడు ఒకరు తడవడమేమిటి, ఒకరు తడవకపోవడమేమిటి? ఈ ప్రశ్న చాలాసార్లు నాలిక చివరిదాకా వచ్చేది. అడిగితే పాపమేమోనని మింగేసి, లెంపలు వేసుకుని, మళ్ళీ మిషను తొక్కుకునేవాడు.

పేరు సన్యాసయ్యే గాని మనిషి నిండు సంసారి. కొమ్మురేవు బజారులో వానకోట్లు కుట్టే కొట్టు అతనిది. పోస్టుమాన్లకు, పాలవాళ్ళకు, చేపల లారీ డ్రైవర్లకు అతను కుట్టిన కోటే కావాలి. వానకోటు కుట్టేవాడికి సూదే శత్రువు. సూది దిగిన ప్రతిచోటా ఒక కన్నం, కన్నం ఉన్నచోటల్లా ఒక చుక్క. సన్యాసయ్య ప్రతి కుట్టు మీదా పట్టీ వేసి, ఇస్త్రీపెట్టె వేడితో అతికించి, కోటును తిరగేసి అందులో బిందెడు నీళ్ళు పోసి చూసుకున్నాకే ఇచ్చేవాడు. అటువంటి మనిషి ఉన్న ఊళ్ళోనే నిరుడు దేవుడు తడిసిపోయాడు.

జరిగిందేమిటంటే, కృష్ణాష్టమి మర్నాడు బాలమాధవస్వామి పల్లకి గుడి నుంచి బయలుదేరి, బజారు మీదుగా, గడియారం కూడలి దాటి, జాలారి వీధి చివరిదాకా వెళ్ళాలి. శ్రావణం కదా, వాన కూడా స్వామితో పాటే బయలుదేరుతుంది. ముందటేడు కూడలి దగ్గర వాన పట్టుకుంటే పల్లకిని వెనక్కి తిప్పేశారు. నిరుడు ఎవరో ఉల్లిపాయల బస్తాల మీది నీలం పట్టా తెచ్చి పల్లకి పైన కట్టారు. ఆ పట్టా నడుమ చెరువులాగా నీళ్ళు నిలిచి, సరిగ్గా కూడలిలోనే ముడి ఊడి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా స్వామి నెత్తిన పడ్డాయి. స్వామి నీలిరంగు బుగ్గ మీది నుంచి జారి పీతాంబరం మీదికి వచ్చింది. మళ్ళీ పల్లకి వెనక్కి.

దాంతో ధర్మకర్తల మండలి సమావేశమై తీర్మానం చేసింది. ఇకపై ధ్రువీకరించిన జలనిరోధక ఆచ్ఛాదన లేనిదే పల్లకి గడియారం కూడలి దాటరాదు. ఈ ఏడు కూడా దాటకపోతే జాలారి వీధిని ఊరేగింపు దారిలోంచి శాశ్వతంగా తీసివేయవలెను.

ఈ కబురు విన్న రోజున చేపల గంప నెత్తిన పెట్టుకునే పోలమ్మ కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. జాలారి వీధికి ఆమె మాటే మాట.

"ఏటి దర్జీ బావూ! ఊరందరికీ కోట్లు కుడతావు, సామికి కుట్టనేవా?"

"దేవుడికి వానకోటేంటి పోలమ్మా?"

"ఏం, పాలోడికి కుట్టినావు కాదేటి? పాలోడు గొప్పా, పాలు తాగినోడు గొప్పా? మా ఈదికి సామి రాక రెండేళ్ళయిపోనాది. ఈయేడు కూడా రాకపోతే ఇంకెప్పుడూ రాడంట. మేమేటి సముద్రం కాడికి పోయి సామీ సామీ అని కేకలెట్టుకోవాలా?"

సన్యాసయ్య మిషను తొక్కడం ఆపాడు. లోపలి నుంచి అతని భార్య మంగవేణి అంది, "కుడతాడమ్మా. కుట్టకపోతే ఆ మిషను మీకిచ్చేస్తాను, వలలు కుట్టుకుందురు గాని."

అలా ఒప్పుకున్నాడు. మాటిచ్చాక మంచి బట్ట వెతికాడు. పట్టాలాగా బరువుండకూడదు, స్వామిని మూసెయ్యకూడదు. ఉల్లిపొర లాంటి బట్ట ఒకటుంది, తొడిగితే లోపల మనిషి కనిపిస్తాడు, చుక్క నీరు నిలవదు, కానీ అది ఓడ మీద రావాలి అన్నాడు బట్టల షావుకారు. జాలారి వీధి వాళ్ళు తలా కాస్త వేసుకుని ఆ తాను తెప్పించారు. వచ్చింది. పక్క ఊరి రేవులో దిగింది. అక్కడే ఆగింది.

ఆగడానికి కారణం సన్యాసయ్యే. ఏ బట్ట వచ్చినా దాని మీద ఎవరికోసమో, ఏం కుట్టాలో రాసి పెట్టుకోవడం దర్జీల అలవాటు. రేవు కాగితంలో "సరుకు ఎందుకొరకు?" అన్నచోట అతను అలవాటు కొద్దీ, భక్తి కొద్దీ కూడా, ఇలా రాశాడు. 'బాలమాధవస్వామి వారికి వాన అంగీ. మూరెడు పొడుగు. కొంచెం వదులుగా.'

ఉత్త గుడ్డ అని రాసి ఉంటే ఆ సాయంత్రమే బండెక్కేది. అంగీ అనేసరికి అది దుస్తులయింది. దుస్తులయ్యేసరికి తొడుక్కునేవాడు ఒకడు ఉండాలి.

*

రేవులో జలనిరోధక వస్త్ర వర్గీకరణ కార్యాలయానికి రెండు అంతస్తులు. కింద పన్నులు, పైన రసాయన భద్రత. కింద వర్గీకరణాధికారి కూర్మనాథం గారు. మాట్లాడితే అచ్చయిన కాగితం చదివినట్టే ఉంటుంది. ఆకలేసినా "భోజన సమయము ఆసన్నమైనది" అంటారాయన.

"మీ సరుకు రెండు వర్గములలో ఒకదానికి చెందవలెను," అన్నారు. "నీరు నిలువనిచో అది రక్షక వస్త్రము, పన్ను స్వల్పము. నీరు పీల్చినచో అది విలాస వస్త్రము, పన్ను అధికము. మీది ఏది?"

"నీరు నిలవదండి. చుక్క వేసి చూడండి."

"చుక్క వేయుటకు నిబంధన లేదు. నమూనా తీసి, నియమిత ఎత్తు నుండి నియమిత నీరు పోయవలెను. నమూనా తీయుడు!"

బంట్రోతు కత్తెర పట్టుకుని వచ్చాడు. కాగితాలు కత్తిరించే కత్తెర. దాంతో ఆ ఉల్లిపొర బట్టను వంకరటింకరగా కొరకబోతుంటే సన్యాసయ్య ప్రాణం గిలగిల్లాడింది.

"అలా కాదు బాబూ, అంచు పాడైపోతుంది. ఇలా ఇవ్వు." నడుముకు దోపుకున్న తన కత్తెర తీసి, మడత పెట్టి, తిన్నగా మూరెడు కత్తిరించి ఇచ్చాడు. అధికారి ఆ అంచు చూసి ముచ్చటపడ్డారు. ఇంత చక్కటి నమూనా తమ కార్యాలయంలో ఎన్నడూ తీయబడలేదని అన్నారు. మెచ్చుకోలుకు ఉబ్బని దర్జీ ఉండడు. సన్యాసయ్య ఇంకాస్త అంచు కూడా కలిపి ఇచ్చాడు.

నీళ్ళు పోశారు. ముత్యాల్లా దొర్లాయి. సర్టిఫికెట్ వచ్చింది. సర్టిఫికెట్ అంటే అరచేతిలో పట్టేది కాదు, గోడ కేలండరంత ఉంది. తడిస్తే చెల్లదని నిబంధన ఉండటం వల్ల రెండువైపులా మందపాటి ప్లాస్టిక్ పొర వేడిగా అతికించి ఇచ్చారు. పైగా దిగుమతిదారుకు ఒకటి, తొడుగుదారుకు ఒకటి, సంరక్షకుడికి ఒకటి.

"సంరక్షకుడెవరండి?"

"తొడుగుదారు పేరులో బాల అని ఉన్నది. మైనరు. అదిగాక, చట్టం దృష్టిలో ఏ దేవుడైనను మైనరే. కావున ఇది పసిపిల్లల దుస్తులు. పై అంతస్తునకు వెళ్ళవలసినదిగా కోరడమైనది."

పైన సువర్చల గారు కూర్చుని ఉన్నారు. మంచి మనిషి. పసిపిల్లల బట్టల్లో విషం ఉండకూడదని నిజంగానే తపన పడే మనిషి. అందువల్లే ఆవిడ దగ్గర ఎవరూ తప్పించుకోలేరు.

"తొడుగుదారు వయసు?"

"యుగాలండి. కానీ బాలుడు."

"బాలుడు అని రాశాను. తల్లి పేరు?"

సన్యాసయ్య తటపటాయించాడు. "కన్నతల్లా అమ్మగారూ, పెంచిన తల్లా?"

"ఇక్కడ ఒకటే గడి ఉందండి."

"అదే మరి, వాళ్ళిద్దరి మధ్యా మనం తేల్చకూడదు కదండి."

ఆవిడ ఆ గడిలో గీత గీసి రెండు పేర్లూ రాసుకున్నారు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని అసలు ప్రశ్న అడిగారు. "వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటు ఉందా?"

అబద్ధం ఆడడానికి సన్యాసయ్యకు మనసొప్పలేదు. స్వామి విషయంలో అసలు ఒప్పలేదు. "చిన్నప్పుడు మన్ను తిన్నాడని చెప్పుకుంటారండి," అన్నాడు.

ఆవిడ కలం ఆగింది. "మన్నా?"

"తినలేదనే అన్నాడండి. కానీ నోరు తెరిపించి చూశారు."

"చూస్తే?"

"అన్నీ ఉన్నాయండి."

'నోట పెట్టుకునే అలవాటు: తీవ్రముగా కలదు. పూర్వచరిత్ర: మన్ను, తదితరములు,' అని సువర్చల గారు రాశారు. "అయితే లాలాజల పరీక్ష కావాలి. బట్టను కృత్రిమ లాలాజలంలో నానబెట్టాలి. నమలడం పరీక్ష కూడా చెయ్యాలి. కడుపులోకి పోతే ఏమవుతుందో అదొకటి. నమూనా తియ్యండి."

సన్యాసయ్య కత్తెర తీశాడు.

*

నమలడం, నానడం, మింగడం అన్నీ అయ్యాక అసలు చిక్కు బయటపడింది. నీళ్ళను దొర్లించే గుణం ఒక రసాయనం వల్ల వస్తుంది. ఆ రసాయనం పసిపిల్లల బట్టల్లో ఉండనే కూడదు.

"లేదని రాసెయ్యండమ్మా," అన్నాడు సన్యాసయ్య.

"లేకపోతే నీరు దొర్లదు కదండి. దొర్లినట్టు కింద సర్టిఫికెట్ ఇచ్చారే."

"అయితే ఉందని రాయండి."

"ఉంటే సరుకు తగలబెట్టాలి."

సన్యాసయ్య మెట్లు దిగి కిందికి వచ్చాడు. పైన ఇలా అంటున్నారు బాబుగారూ, అని చెప్పాడు. కూర్మనాథం గారు గంభీరంగా తలాడించి, "రసాయనము లేనిచో అది విలాస వస్త్రము. పన్ను అధికము. పసిబాలుడు విలాస వస్త్రము ధరించుటకు కారణము తెలుపవలెను," అన్నారు. మళ్ళీ మెట్లెక్కాడు. పైన బట్టను ఉడకబెట్టి రసాయనం పోగొట్టి, లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఉడికిన ముక్క నీళ్ళు పీల్చింది. కింద కొత్త ముక్క అడిగారు. అది దొర్లించింది. పైన మళ్ళీ కొత్త ముక్క అడిగారు. శ్రావణం దగ్గరపడుతోంది. పైకీ కిందికీ తిరుగుతూ సన్యాసయ్య చక్కగా, తిన్నగా, అంచు చెదరకుండా కత్తిరిస్తూ పోయాడు. ప్రతి ముక్కకూ గోడ కేలండరంత సర్టిఫికెట్, మూడేసి ప్రతులు. పోయేటప్పుడు చంకలో బట్ట ఉండేది, వచ్చేటప్పుడు నెత్తిన సర్టిఫికెట్ల కట్ట ఉండేది.

ఇంతలో కూర్మనాథం గారికి ఇంకో అనుమానం వచ్చింది. ఫైలు మూసి, తెరిచి, గొంతు సవరించుకున్నారు.

"తొడుగుదారు గర్భాలయమునందు నిత్యము జలాభిషేకము పొందుచున్నట్లు తెలియవచ్చుచున్నది. జలస్పర్శకు ఇంతగా అలవాటుపడిన వ్యక్తికి జలనిరోధక దుస్తుల ఆవశ్యకత ఏమి? సంరక్షకుడు స్వయముగా హాజరై వివరణ ఇచ్చునది."

సన్యాసయ్యకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు తాను మింగుకుంటూ వచ్చిన ప్రశ్న ఇది. ఇప్పుడు దానికి ముద్ర పడింది, నెంబరు పడింది. ఇంక తనకు పాపం లేదు, అడిగింది కార్యాలయం. లోలోపల సంతోషిస్తూనే వెళ్ళి, స్వామి సంరక్షకుడిగా వరదాచార్యులు గారిని వెంటబెట్టుకొచ్చాడు.

ఆచార్యులు గారు బల్ల ముందు నిలబడి ప్రశ్న విన్నారు. నవ్వారు. "ఇందులో ఏముందండీ? లోపల ఉన్నప్పుడు ఆయన దేవుడు. మనం పోస్తాం, ఆయన పోయించుకుంటాడు. వీధిలోకి వచ్చినప్పుడు మనలో ఒకడుగా వస్తాడు. మనలో ఒకడు వానలో తడుస్తుంటే గొడుగు పట్టకుండా చూస్తూ నిలబడతామా?"

సన్యాసయ్య కళ్ళు చెమర్చాయి. ఇంత తేలిక మాట కోసం ఇన్నేళ్ళు లెంపలు వేసుకున్నానా అనిపించింది. కూర్మనాథం గారు మాత్రం ఫైలులో రాసుకున్నారు. 'వివరణ: తృప్తికరము కాదు. నమూనా తీయుడు.'

చివరికి రెండంతస్తులూ సంయుక్త సమావేశం జరిపి ఒక నిర్ణయానికి వచ్చాయి. దాన్ని కూర్మనాథం గారే నిలబడి చదివారు.

"నీటిని నిరోధించిన భాగము వేరు. నిరపాయకరమైన భాగము వేరు. అయినను సరుకు ఒక్కటే. కావున ఒక భాగము యొక్క గుణము సరుకు మొత్తమునకు వర్తించును. ఇందుమూలముగా మీ సరుకు సంపూర్ణముగా జలనిరోధకము, సంపూర్ణముగా నిరపాయకరము, సంపూర్ణ రాయితీకి అర్హము."

సన్యాసయ్య ఆ మాటను మనసులో మళ్ళీ చదువుకున్నాడు. వేరు, అయినా ఒక్కటే. ఈ మాట గుళ్ళో విన్నప్పుడు చేతులు జోడించినవాడు ఇక్కడ ఏమని వాదిస్తాడు? చేతులు జోడించాడు.

"బట్ట ఇప్పించండి బాబుగారూ. ఎల్లుండే ఊరేగింపు."

"బట్ట పరీక్షలయందు వినియోగమైనది."

"అంతానా?"

"చివరి మూర నిన్న మధ్యాహ్నము మీరే కత్తిరించి ఇచ్చియున్నారు. అతి సుందరముగా కత్తిరించితిరి." కూర్మనాథం గారు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. "సరుకు బరువు శూన్యము గనుక పన్ను కూడ శూన్యము. మా కార్యాలయ చరిత్రలో ఇంత స్వల్ప పన్ను ఎవరికీ పడలేదు. అభినందనలు!"

*

సన్యాసయ్య ఇంటికి వచ్చి సర్టిఫికెట్ల కట్టను పెరట్లో పడేసి, అరుగు మీద కూలబడ్డాడు. మంగవేణి మంచినీళ్ళు తెచ్చింది.

"ఏటండీ, బట్టేది?"

"తినేశారు."

"ఎవరు?"

"ఆఫీసువాళ్ళు. నేనే కోసి పెట్టాను." తలపట్టుకున్నాడు. "పోలమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ వీధి వాళ్ళ గడపల ముందుకు స్వామి ఇంక ఎప్పటికీ పోడు. నా కత్తెర వల్ల."

"కోసేటప్పుడు ఆలోచించొద్దా?"

"వాళ్ళు వంకరగా కోస్తున్నారే!"

మంగవేణి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. అంతలో చిటపటమని చినుకులు మొదలయ్యాయి. పెరట్లో చాప మీద చింతపండు ఆరబోసి ఉంది. "అయ్యో, ఏడాది చింతపండండీ!" అని పరుగెత్తి, చేతికి దొరికిన సర్టిఫికెట్లు నాలుగు లాగి చాప మీద కప్పేసింది.

సన్యాసయ్య అరుగు మీది నుంచే చూస్తున్నాడు. వాన సర్టిఫికెట్ల మీద పడుతోంది, పడ్డది పడ్డట్టే జారిపోతోంది. ముద్ర చెదరలేదు, సంతకం కారలేదు. కింద చింతపండు పొడిగా ఉంది. అతను మెల్లగా లేచి వానలోకి నడిచి, ఒక సర్టిఫికెట్ తీసి ఎత్తి పట్టుకున్నాడు. అంచు వేళ్ళతో తడిమాడు. రెండు పొరలూ వేడికి అతుక్కుని ఉన్నాయి. మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ అతుక్కుంటాయి. సూదే అక్కర్లేదు.

"మంగా! ఇస్త్రీపెట్టె వెయ్యి."

"దేనికండీ?"

"దేవుడికి!"

*

ఊరేగింపు రోజున వాన కూడా వేళకే వచ్చింది. పల్లకి మీద నాలుగు వెదురు కర్రలు, వాటి మీద నడుమ ఎత్తుగా, నాలుగు పక్కలా వాలుగా పందిరి. కలవారి ఇంటి ముందు చలవపందిరికన్నా అందంగా ఉంది. నీళ్ళు నిలవడానికి చోటే లేదు. దగ్గరికి వెళ్ళి తలెత్తి చూస్తే మాత్రం 'సంపూర్ణ నిరపాయకరము' అని, 'నియమిత జలపరీక్షయందు ఉత్తీర్ణము' అని, 'తొడుగుదారు ప్రతి' అని కనిపించేవి. ధర్మకర్తలు చుట్టూ తిరిగి చూశారు. ధ్రువీకరించిన ఆచ్ఛాదన కావాలన్నారు. ఇంతకన్నా ధ్రువీకరించినది లోకంలో ఉండదు. పల్లకి ఎత్తమన్నారు.

గడియారం కూడలిలో పల్లకికి ఒక మనిషి అడ్డంగా నిలబడ్డాడు. నెత్తిన ఫైలు పెట్టుకుని, ముద్దగా తడిసి. కూర్మనాథం గారు! ఆయన పక్కనే సువర్చల గారు, గొడుగులో. ఆ గొడుగు పై అంతస్తుది కావడం వల్ల ఆయన అందులోకి రాలేదు.

"ఆగవలెను! వర్గీకరణ లేని ఆచ్ఛాదన వాడబడుచున్నట్లు సమాచారము అందినది. ఇది ఏ వర్గమునకు చెందును?"

పల్లకి మోస్తున్న జాలారి కుర్రాళ్ళు ఆగిపోయారు. వెనక మేళం ఆగిపోయింది. రెండేళ్ళుగా స్వామి వెనక్కి తిరిగిపోయిన చోటు అదే. పోలమ్మ గుంపులోంచి తోసుకుని ముందుకు వచ్చింది. "ఎవడ్రా ఆడు? ఈయేడు వాన ఆపనేదని మనిషిని పంపినాడా దేవుడు?"

"ఉండమ్మా." సన్యాసయ్య కూర్మనాథం గారి ముందుకు వెళ్ళి నమస్కారం పెట్టాడు. "తమరి వర్గమేనండి. ఒక్కసారి తలెత్తి చూడండి."

చూశారు. పందిరి అంచున, సరిగ్గా ఆయన కళ్ళ ముందు, ఆయన సంతకమే ఉంది. తోకతో సహా. దాని మీద వాన ధారగా పారుతోంది. కూర్మనాథం గారి ముఖం మెల్లగా విచ్చుకుంది. "చెదరలేదు," అన్నారు నెమ్మదిగా. మొదటిసారిగా ఆయన మాట మామూలు మనిషి మాటలా వినిపించింది.

సువర్చల గారు కూడా తొంగి చూశారు. "ఇందులో ఏ రసాయనం ఉందో..." అంటూ మొదలుపెట్టి, ఎదురుగా తన ముద్రతో 'పసిపిల్లలకు నిరపాయకరము' అని చదువుకుని, ఆగిపోయారు. "నేనే రాశాను," అన్నారు.

అయినా అలవాటు ఊరుకోనివ్వదు. కూర్మనాథం గారు తేరుకుని, "ఏది ఏమైనను ఇది కొత్త వస్తువు. నమూనా తీయవలెను," అన్నారు.

సన్యాసయ్య కాదనలేదు. నడుములోంచి కత్తెర తీశాడు. "తీస్తానండి. తిన్నగా తీస్తాను. తమ సంతకం దగ్గర కొయ్యమంటారా, అమ్మగారి ముద్ర దగ్గరా? కింద ఏదో రాసుంది బాబూ, కళ్ళజోడు లేదు, కాస్త చదివి పెట్టండి."

కూర్మనాథం గారు చదివారు. చదవడం ఆయనకు ఇష్టమైన పని. "ఈ పత్రమును చింపుట, మడచుట, కత్తిరించుట... చట్టరీత్యా శిక్షార్హము." గొంతు తగ్గిపోయింది. చేతిని వెనక్కి తీసుకున్నారు. ఎవరో బంధించబోతున్నట్టు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"మరి ఇప్పుడేమి చేయవలెను?" అని ఆయన దిక్కులు చూశారు. ఏ నిబంధనలోనూ దానికి సమాధానం లేదు.

"నడవాలండి," అన్నారు వరదాచార్యులు గారు పల్లకి పక్క నుంచి. "కుర్రాళ్ళ భుజాలు నొప్పెడుతున్నాయి. మీరూ ఈ అంచు కిందికి రండి, తడిసిపోయారు."

కూర్మనాథం గారు ఒక క్షణం తటపటాయించి, తన సంతకం కిందికి వచ్చి నిలబడ్డారు. పల్లకి కదిలింది. మేళం అందుకుంది. గడియారం కూడలి దాటిపోయింది.

*

జాలారి వీధి చివర ఇసుకలో ఒక నిట్రాట పాతి ఉంది. దాని అడ్డకర్రకు, వల తాళ్ళతో అల్లిన ఉట్లు మూడు వేలాడుతున్నాయి. ఒకటి కొత్తది, పసుపు కుంకుమలతో మెరుస్తోంది. మిగిలిన రెండూ నాచుపట్టి, నల్లబడి ఉన్నాయి.

"ఈ పాతవేమిటమ్మా, దించలేదేం?" అని సువర్చల గారు అడిగారు.

"ఎలా దించుతామమ్మా?" అంది పోలమ్మ. "సామి కోసం కట్టిన ఉట్టి సామొచ్చి కొడితేగాని దించకూడదు. ముందటేడు రానేదు. నిరుడూ రానేదు. అలాగే ఉన్నాయి, సామి మాకు బాకీ."

ఆచార్యులు గారు పొడుగాటి కర్రను ముందు స్వామి చేతికి తాకించి, ఆ తర్వాత కుర్రాళ్ళకు ఇచ్చారు. వానలో, బురదలో, ఒకడి భుజం మీద ఒకడు ఎక్కి కొత్త ఉట్టిని కొట్టారు. వెన్న పడింది, పెరుగు పడింది, పెద్ద కేక లేచింది.

నిరుటి ఉట్టిని కొట్టినప్పుడు వెన్న లేదు. ఏడాది పాటు నిండిన వాన నీళ్ళు బొళ్ళున పడ్డాయి. ఆ సమయంలో కూర్మనాథం గారు ఆ కుండ కిందే నిలబడి, అది ఏ వర్గపు పాత్రో నిదానంగా చూస్తున్నారు. నీళ్ళన్నీ ఆయన నెత్తినే. ఆయన కళ్ళు తుడుచుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, పకపకా నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆయనతో కలిసి పనిచేసే సువర్చల గారు కూడా అప్పుడే చూశారు.

ముందటేటి ఉట్టిలో పిచ్చుక గూడు ఉంది, ఎప్పుడో పిల్లలు ఎగిరిపోయిన ఖాళీ గూడు. కుండ పగిలి పెంకులు ఇసుకలో పడ్డాయి. ఎండుగడ్డి గాలికి కాసేపు తిరిగి, ఒక పోచ వచ్చి స్వామి భుజం మీద వాలింది. ఆచార్యులు గారు దాన్ని తీసెయ్యబోయి, ఎందుకో ఊరుకున్నారు.

పోలమ్మ ఖాళీగా ఊగుతున్న తాళ్ళు మూడింటినీ తలెత్తి చూసింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, కొత్త కుండ పెంకులోంచి ఇంత వెన్న తీసి ఆచార్యులు గారి చేతిలో పెట్టింది. ఆయన ఆ వెన్నను స్వామి పెదవికి తాకించారు.

"అయిపోనాది సామీ," అంది పోలమ్మ. "ఇంక నువ్వు మాకేటీ బాకీ నేవు."